పడవ బేరంలో బ్రోకర్ ఎవరి మనిషి?

అమెరికాలో వాడిన సెయిల్‌బోటు ఒకటి చేతులు మారితే బ్రోకర్‌కు కమిషన్ ఇచ్చేది అమ్మేవాడు. మామూలుగా అది అమ్మకం ధరలో 10 శాతం. కొనేవాడి తరఫున ఇంకో బ్రోకర్ ఉంటే ఆ పది శాతాన్నే ఇద్దరూ పంచుకుంటారు. కొనేవాడి జేబులోంచి నేరుగా ఏమీ పోదు. అందుకే అక్కడ స్థిరపడి తొలిసారి బోటు కొంటున్న మనవాళ్ళకు బ్రోకర్ ఖర్చు లేకుండా దొరికిన సహాయకుడిలా కనిపిస్తాడు. హైదరాబాద్‌లో ప్లాటు కొంటే మధ్యవర్తి రెండువైపులా కమిషన్ తీసుకుంటాడు గనక రెండువైపులవాళ్ళూ అతణ్ణి నిలదీయగలరు. బోటు బేరంలో, అమ్మకానికి ప్రకటన పెట్టే లిస్టింగ్ బ్రోకర్ సంతకం పెట్టిన ఒప్పందం అమ్మేవాడితో. అతని విధేయత అక్కడే ఉంటుంది, ఉండాలి కూడా.

బ్రోకర్ మీకు బాకీపడ్డది మీరు అనుకునేదానికన్నా తక్కువ. కానీ ఆ తక్కువలో ఉన్నవి గట్టివి. మీ డిపాజిట్‌ను తన సొంత డబ్బుతో కలపకుండా భద్రంగా ఉంచాలి. తనకు తెలిసిన విషయంలో మీకు అబద్ధం చెప్పకూడదు. మీ ఆఫరునూ మీ ప్రశ్నలనూ అమ్మేవాడికి చేర్చాలి, అక్కడి జవాబును మార్చకుండా మీకు తేవాలి. ఈ మూడింటినీ బేరం సాఫీగా నడుస్తున్న రోజుల్లోనే కాగితం మీదికి రప్పించుకోవాలి. తగాదా వచ్చాక కొత్త కాగితం పుట్టదు. అప్పటికి ఏది రాసి ఉందో దానిమీదే తీర్పు నడుస్తుంది.

లెక్క అర్థం కావడానికి ఒక బేరం ఊహిద్దాం. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 34 అడుగుల బోటు, ధర 60,000 డాలర్లు. కమిషన్ 6,000. మీరు గట్టిగా బేరమాడి 5,000 తగ్గించారనుకోండి, బ్రోకర్లిద్దరూ కలిసి పోగొట్టుకునేది 500 మాత్రమే. బేరం చెడిపోతే మొత్తం 6,000 పోతుంది. కాబట్టి బ్రోకర్ మనసు ధర మీదకన్నా బేరం ముగియడం మీద ఎక్కువగా ఉంటుంది. ధర తగ్గించే విషయంలో ఇది మీకు పనికొస్తుంది, అమ్మేవాణ్ణి ఒప్పించడానికి అతనే కృషి చేస్తాడు. లోపాలు బయటపెట్టే విషయంలో మాత్రం ఇదే మీకు ఎదురు తిరుగుతుంది. బ్రోకర్లు చెడ్డవాళ్ళని నేననడం లేదు. చిత్తశుద్ధితో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మంచి బ్రోకర్ నడిపిన బేరం ఎంత హాయిగా ముగుస్తుందో చెప్పలేం. అయితే జీతం ఎటునుంచి వస్తుందో ఆ వైపు మొగ్గు మంచివాడికీ ఉంటుంది.

మీ తరఫున బ్రోకర్‌ను పెట్టుకుంటే ఈ మొగ్గు కొంత సర్దుకుంటుంది. అతనికి ముట్టేదీ బేరం ముగిస్తేనే అని మరవకండి. ఒకే సంస్థ రెండువైపులా ఉంటే, ఆ సంగతి మీకు రాతపూర్వకంగా చెప్పి మీ అంగీకారం తీసుకున్నారా అని చూడండి. అలాంటి బేరంలో మీరు ఎంతవరకు పైకి వెళ్ళగలరో బ్రోకర్‌కు చెప్పడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

లైసెన్సు, డిపాజిట్

అమెరికాలో యాట్ బ్రోకర్లకు ప్రత్యేకంగా రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి చేసినవి ఫ్లోరిడా, కాలిఫోర్నియా. ఫ్లోరిడా చట్టం 32 అడుగులు దాటిన బోట్లకు వర్తిస్తుంది, కాలిఫోర్నియాది 16 అడుగులు దాటినవాటికి. అంటే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మన 34 అడుగుల బోటు చట్టం నీడలో ఉంది, పక్క స్లిప్‌లో (బోటు కట్టి ఉంచే చోటు) ఉన్న 30 అడుగుల బోటు లేదు. కాలిఫోర్నియాలో అలమీడాలోనో సాసలీటోలోనో 22 అడుగుల చిన్న బోటు అమ్మిపెట్టే బ్రోకర్‌కూ లైసెన్సు ఉండాలి. సెయిలింగ్‌కు అంత పేరున్న అనాపొలిస్ ఊరు ఉన్న మేరీలాండ్‌లో అలాంటి లైసెన్సే లేదు. అలాంటి చోట అమెరికా యాట్ బ్రోకర్ల సంఘంలో సభ్యుడా, సీపీవైబీ అనే వృత్తి ధ్రువపత్రం ఉందా అని చూసుకోవచ్చు. అది ప్రభుత్వ లైసెన్సుకు సమానం కాదు, కానీ చెడ్డపేరు వస్తే పోగొట్టుకునేది ఒకటి అతనికి ఉందని అర్థం.

డిపాజిట్ మామూలుగా ధరలో 10 శాతం, మన బేరంలో 6,000. అది బ్రోకరేజి సంస్థ రోజువారీ ఖాతాలోకి వెళ్ళకూడదు. ఎస్క్రో అనో ట్రస్టు అనో పేరున్న వేరే ఖాతాలోకి వెళ్ళాలి. చెక్కు మీద ఆ ఖాతా పేరే రాయండి, అందినట్టు రసీదు అడగండి. వైర్ చేసేటట్టయితే ఖాతా వివరాలు ఈమెయిల్‌లో వచ్చాయని అలాగే పంపేయకండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఫోన్ నంబరుకు మీరే ఫోన్ చేసి, అంకెలు ఒక్కొక్కటీ చదివించుకుని, తర్వాత పంపండి. ఈమెయిల్‌లోకి చొరబడి ఖాతా నంబరు మార్చేసే దొంగలు ఇళ్ళ అమ్మకాల్లోనే కాదు, ఇక్కడా ఉన్నారు. అలా పోయిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం.

అడిగిన ప్రశ్న, అడగని ప్రశ్న

ప్రకటనలో "అద్భుతమైన స్థితిలో ఉంది" అని రాస్తే అది అభిప్రాయం. దానిమీద ఎవరూ కేసు గెలవరు. "2019లో రిగ్గింగ్ (మాస్ట్ అనే తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు) మొత్తం మార్చారు" అని రాస్తే అది వాస్తవం గురించిన మాట, నిజమో అబద్ధమో తేల్చవచ్చు. కానీ దాదాపు ప్రతి లిస్టింగ్ అడుగునా చిన్న అక్షరాల్లో, ఈ వివరాలకు సంస్థ హామీ ఇవ్వదనీ, కొనేవారే పరిశీలించుకోవాలనీ ఉంటుంది. ఒప్పందంలో "ఉన్నది ఉన్నట్టు" అనే షరతు ఉంటుంది. దాంతో, చెప్పకపోయినా చట్టం ఊహించే హామీలన్నీ మామూలుగా తొలగిపోతాయి. అమ్మేది వ్యాపారి కాక మామూలు వ్యక్తి అయితే సరుకు నాణ్యత గురించి అలాంటి హామీ అసలు మొదలే కాదు. ఇక ఒప్పందం చివర్లో ఇంకో వాక్యం దొరుకుతుంది: ఈ కాగితంలో ఉన్నదే మొత్తం ఒప్పందం, బయట చెప్పిన మాటలకు విలువ లేదు అని. చాలామంది ఈ వాక్యాన్ని దాటి సంతకం దగ్గరికి వెళ్ళిపోతారు. డాక్ మీద బ్రోకర్ చెప్పినవీ, మీరు ఈమెయిల్లో దాచుకున్నవీ కూడా ఈ ఒక్క వాక్యం దగ్గర బలహీనపడిపోవచ్చు.

తెలిసి చేసిన మోసాన్ని ఈ షరతులేవీ పూర్తిగా కప్పలేవు. అయితే మోసం నిరూపించాలంటే అతనికి తెలుసని నిరూపించాలి. ఇక్కడే రాసి అడిగిన ప్రశ్నకు విలువ. ఒక లోపం గురించి ఎవరూ అడగక, ఎవరూ చెప్పక పోతే, ఆ మౌనం మోసమా మరుపా అని ఏళ్ళ తరబడి వాదించుకోవచ్చు. అదే మీరు స్పష్టంగా అడిగి, అతను "లేదు" అని రాసి, మరమ్మతు బిల్లు అతని ఫైల్లోనే దొరికితే వాదన అక్కడితో ఆగుతుంది.

ఏం అడగాలి? బోటు ఎప్పుడైనా మునిగిందా, నేలకు తగిలిందా, తుఫానులో దెబ్బతిన్నదా, బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టిందా. ఫ్లోరిడాలో ఈ ప్రశ్న తప్పనిసరి. 2022 సెప్టెంబరులో ఇయన్ హరికేన్ నైరుతి తీరాన్ని తాకినప్పుడు ఒడ్డున పడ్డ బోట్లలో కొన్నిటిని ఎవరో ఒకరు కొని, బాగుచేసి, మళ్ళీ అమ్మకానికి పెట్టారు. 2023 జులై నుంచి ఫ్లోరిడా టైటిల్ (యాజమాన్య పత్రం) మీద హల్, అంటే బోటు బయటి గుల్ల, దెబ్బతిన్నదని ముద్ర వేసే పద్ధతి వచ్చింది. పాత నష్టాలన్నీ ఆ ముద్రకింద వస్తాయని అనుకోకండి, ఇతర రాష్ట్రాలనుంచి వచ్చిన బోట్ల సంగతీ అంతే. ఇంజిన్ గంటలు మీటరులోవా, ఊహించి చెప్పినవా? మాస్ట్‌ను నిలబెట్టే తీగలు ఏ సంవత్సరంవి, బిల్లు ఉందా? బోటుతోపాటు వచ్చే సామాన్ల జాబితా ఏది?

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించే ప్రశ్న ఇంకొకటి: "ఇంతకుముందు ఎవరైనా ఈ బోటుకు సర్వే (నిపుణుడి తనిఖీ) చేయించి కొనకుండా వెనక్కి తగ్గారా? తగ్గితే ఎందుకు?" దీనికి జవాబు తెలిసిన మనిషి సాధారణంగా లిస్టింగ్ బ్రోకరే. ముందటి కొనుగోలుదారు రిపోర్టు అతని చేతికి వచ్చి ఉంటే, అందులోని లోపాలు తనకు తెలియవని ఇక అనలేడు. రిపోర్టు ఆ మనిషి డబ్బుతో చేయించుకున్నది గనక దాన్ని మీకు ఇవ్వలేనని చెప్పవచ్చు, అది న్యాయమే. కానీ అలాంటి సర్వే జరగలేదని మాత్రం అనకూడదు. జవాబు తప్పించి మాటమార్చినా మీకు సమాచారం దొరికినట్టే. ఆరు నెలలుగా మార్కెట్లో ఉండి రెండుసార్లు "అమ్మకం జరుగుతోంది" అని చూపించి మళ్ళీ తెరిచిన లిస్టింగ్ కనిపిస్తే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగండి.

వచ్చిన జవాబుల్లో మీ నిర్ణయం ఆధారపడ్డ రెండు మూడింటిని ఒప్పందానికి అనుబంధంగా రాయించి అమ్మేవాడి చేత సంతకం పెట్టించండి. "రిగ్గింగ్ 2019లో మార్చినట్టు అమ్మేవారు ధ్రువీకరిస్తున్నారు" అన్న ఒక్క వాక్యం చాలు. ఒప్పుకోకపోతే ఆ మాట మీద వాళ్ళకే నమ్మకం లేదని గ్రహించి ధర లెక్క వేసుకోండి.

సర్వేయర్ మీ మనిషి

ఈ బేరంలో మీరు డబ్బిచ్చి మీ వైపు నిలబెట్టుకునే మనిషి సర్వేయర్. బ్రోకర్ ఒకే పేరు చెప్పి "ఆయన త్వరగా చేస్తాడు" అంటే సున్నితంగా తప్పుకోండి. సామ్స్, నామ్స్ అనే సర్వేయర్ల సంఘాల జాబితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి, వాటిలోంచి మీరే ఎంచుకోండి. ఫీజు అడుగుకు సుమారు 20 నుంచి 30 డాలర్ల దాకా అవుతుంది, బోటును నీళ్ళలోంచి పైకి లేపే ఖర్చు దానికి వేరుగా మీదే. సర్వేయర్ చిన్న సుత్తితో హల్‌ను తట్టి శబ్దం వింటాడు, తేమ మీటరు పెడతాడు, డెక్ లోపలి కొయ్య కుళ్ళిందేమో చూస్తాడు, బోటు అడుగున ఉండే కీల్ హల్‌తో కలిసే చోట పగులు చూస్తాడు. 6,000కు పైగా తయారైన కాటలీనా 30 లాంటి బోట్లలో ముందు భాగాన కనిపించే ఆ పగులుకు సెయిలర్లు "కాటలీనా స్మైల్" అని పేరే పెట్టారు. అన్ని పగుళ్ళూ ప్రమాదం కావు, ఏది ప్రమాదమో చెప్పడానికే సర్వేయర్.

అయితే అతను చూడనివి కూడా ఉన్నాయి. సాధారణంగా మాస్ట్ ఎక్కడు, ఇంజిన్ విప్పడు, రిగ్గింగ్ తీగలను బోటుకు బిగించే, గోడల వెనక దాగిన చెయిన్‌ప్లేట్లు చూడలేడు. ఇంజిన్‌కు డీజిల్ మెకానిక్‌నూ, ఆయిల్ నమూనా పరీక్షనూ, తీగలకు రిగ్గర్‌నూ వేరుగా పెట్టుకోవాలి. సర్వేయర్ ఒప్పందంలో, తప్పు జరిగితే తిరిగిచ్చేది ఫీజు వరకే అనే షరతు తరచుగా ఉంటుంది. అంటే సర్వేలో దొరకని లోపానికి సర్వేయర్‌ నుంచి నష్టపరిహారం రాబట్టడం కష్టం. అందుకే ఆ రోజు పని మానుకునైనా మీరే దగ్గరుండి చూడండి.

ఒప్పందంలో "అంగీకార తేదీ" అని ఒకటి ఉంటుంది. సర్వే, సీ ట్రయల్ (బోటును నీళ్ళమీద నడిపి చూడడం) అయ్యాక ఆ తేదీలోగా మీరు బోటును అంగీకరిస్తున్నారో, తిరస్కరిస్తున్నారో, షరతులతో అంగీకరిస్తున్నారో రాసివ్వాలి. మీరు ఏమీ చెప్పకపోతే కొన్ని ఫారాల్లో తిరస్కరించినట్టు, కొన్నిటిలో అంగీకరించినట్టు లెక్క. డిపాజిట్ తగాదాల్లో చాలా వాటికి ఇక్కడే బీజం పడుతుంది. సర్వే చేయాల్సిన యార్డులో చోటు దొరక్క ఆలస్యమైతే "మరేం ఫర్వాలేదు, రెండు రోజులు ఆగుదాం" అని బ్రోకర్ ఫోన్లో అంటాడు. ఆ మాటకు విలువ లేదు. తేదీ పొడిగింపు మీద ఇరువైపులా సంతకాలు ఉండాలి.

టైటిల్, లీన్, పౌరసత్వం

బోటు విషయంలో చట్టానికి ఒక ప్రత్యేకత ఉంది. యార్డుకు కట్టని మరమ్మతు బిల్లు, మెరీనాకు కట్టని స్లిప్ అద్దె, సిబ్బందికి ఇవ్వని జీతం, ఇవన్నీ బోటుకే అంటుకుంటాయి. దీన్ని మారిటైం లీన్ అంటారు. ఎక్కడా నమోదు కాకపోయినా అది చెల్లుతుంది, తెలియక కొన్నవాడి మీదికీ వస్తుంది. కోస్ట్ గార్డ్ దగ్గర నమోదైన బోటయితే వెస్ట్ వర్జీనియాలోని వాళ్ళ డాక్యుమెంటేషన్ కేంద్రం నుంచి టైటిల్ చరిత్ర తెప్పించుకోవచ్చు. నమోదైన అప్పులు అందులో కనిపిస్తాయి. నమోదు కానివి కనిపించవు. వాటికోసం బోటు ఉన్న మెరీనానూ, పనిచేసిన యార్డునూ బాకీ లేదని రాసివ్వమని అడగాలి. మంచి బ్రోకర్ ఇది తనంతట తానే చేస్తాడు, చేయకపోతే చేయమని అడగండి.

మనవాళ్ళకు సంబంధించి ఇంకో మెలిక ఉంది. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ అమెరికా పౌరులకే. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళకే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ అది రాదు. బోటు కొనడానికి అడ్డేమీ లేదు, రాష్ట్రంలో రిజిస్టర్ చేసుకోవచ్చు. అమ్మేవాడి పేరున బోటు కోస్ట్ గార్డ్ జాబితాలో ఉంటే ముందు దాన్ని అక్కడినుంచి తొలగించి, తొలగించినట్టు పత్రం తీసుకోవాలి. అది లేకపోతే రాష్ట్ర కార్యాలయంలో పని ఆగిపోతుంది. బోటు మీద అప్పు ఉంటే మామూలుగా అది తీరేదాకా తొలగింపూ ఆగుతుంది. బ్రోకర్‌కు మీ వీసా సంగతి తెలియకపోతే, ముగింపు రోజున ఈ ముడి బయటపడి తప్పు ఎవరిదనే గొడవ మొదలవుతుంది. ఆఫరు ఇచ్చే రోజే చెప్పేయండి. తొలగింపు పత్రం అందాకే మిగతా డబ్బు విడుదల చేయాలని రాయించండి.

తగాదా వచ్చినప్పుడు

సర్వేలో చెయిన్‌ప్లేట్ల దగ్గర డెక్ కుళ్ళిందని తేలి మీరు గడువులోపే తిరస్కరించారనుకుందాం. మీ డిపాజిట్ 6,000 తిరిగి రావాలి. అమ్మేవాడు ఒప్పుకోవడం లేదు. బ్రోకర్ "నేను ఇవ్వలేను" అంటున్నాడు. ఇక్కడ చాలామంది బ్రోకర్ మీద విరుచుకుపడతారు. ఆ కోపం అర్థమవుతుంది, కానీ చాలా ఒప్పందాల ప్రకారం ఇద్దరి సంతకాలో కోర్టు ఆదేశమో లేకుండా అతను డబ్బు కదపలేడు. అతను కాపలాదారు. అవసరమైతే డబ్బును కోర్టుకు అప్పగించి, మీ ఇద్దరూ తేల్చుకోండని తప్పుకునే వీలు కూడా అతనికి ఉంది. మీ తగాదా అమ్మేవాడితో. తిరస్కరణ నోటీసు, అది పంపిన తేదీ, ఒప్పందంలో డిపాజిట్ తిరిగివ్వాలన్న వాక్యం, ఈ మూడింటితో అమ్మేవాడికి ఉత్తరం రాసి బ్రోకర్‌కు నకలు పంపండి. చాలాసార్లు ఆ ఉత్తరం చదివి, అమ్మేవాడికి నచ్చజెప్పేది బ్రోకరే. ఈ బోటును ఇంకొకరికి అమ్ముకోవాలంటే మీ గొడవ ముగియడం అతనికీ అవసరం.

డబ్బు ఎస్క్రోలో ఉందని చూపించలేకపోతే మాత్రం సంగతి వేరు. అప్పుడు రాజీ మాటలతో రోజులు గడపకండి. ఫ్లోరిడాలో వృత్తుల నియంత్రణ శాఖకూ, కాలిఫోర్నియాలో బోటింగ్ విభాగానికీ, లైసెన్సులు లేని చోట రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికీ వెంటనే ఫిర్యాదు చేయండి.

కొన్నాక బయటపడ్డ లోపం విషయంలో ముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది ఎవరికి తెలుసని చూపించగలను? తెలుసని చూపించలేని లోపం పాత బోటు స్వభావంలో భాగం, దానికి బ్రోకర్‌ను నిందించడం అన్యాయం. ముప్పై ఏళ్ళ బోటు కొత్తదానిలా ఉండదు. అబద్ధమని కాగితంతో చూపించగలిగితే, బోటును బాగుచేయించకముందే ఫోటోలు తీసి, సర్వేయర్ చేత రాయించి, అమ్మేవాడికీ బ్రోకర్‌కూ తెలియజేయండి. ముందే బాగుచేయిస్తే సాక్ష్యం పోతుంది.

లాయరు ఖర్చు భయపెడుతుంది, నిజమే. ఫ్లోరిడా చిన్న క్లెయిముల కోర్టులో 8,000 డాలర్ల దాకా, కాలిఫోర్నియాలో వ్యక్తులు 12,500 దాకా దావా వేయవచ్చు. మన బేరంలోని డిపాజిట్ రెండింటిలోనూ ఇముడుతుంది, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉంటే ముందు ఆ దారిలో వెళ్ళాలి. ఎటు వెళ్ళినా వెంట తీసుకెళ్ళాల్సినవి ఇవే: సంతకాలున్న ఒప్పందమూ అనుబంధాలూ, లిస్టింగ్ పేజీని ఆఫరు ఇచ్చిన రోజున తీసి దాచిన నకలు, మీ ప్రశ్నలూ వాటికి వచ్చిన రాతజవాబులూ, సర్వే రిపోర్టు, డిపాజిట్ రసీదు, అంగీకార తేదీ దాటకముందే పంపిన నోటీసు.